గది కట్టించే ముందు ప్లాను గీయించండి

డిసెంబరు సెలవులు దగ్గరకొచ్చాయి. డల్లాస్ నుంచో దుబాయ్ నుంచో లండన్ నుంచో ఊరికి బయల్దేరే మనవాళ్లలో చాలామంది ఒక పూట తాము చదువుకున్న బడికి వెళ్లి వస్తారు. హెడ్మాస్టరు గారు శాలువా కప్పుతారు. పిల్లలు పాట పాడతారు. టీ తాగుతూ ఉండగా మాట మెల్లగా అసలు సంగతిలోకి వస్తుంది. ‘ఒక గది కట్టించి ఇస్తే మీ పేరు చెప్పుకొంటాం సార్’ అంటారు. కాదనలేం, కాదనాలనీ ఉండదు. ఆ బడి నేర్పిన నాలుగు అక్షరాలతోనే కదా ఇంత దూరం వచ్చాం. నెల తిరక్కుండా డబ్బు చేరుతుంది. మరుసటి సంక్రాంతికి ప్రారంభోత్సవం, గోడకు నల్లరాతి పలక.

ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. పుట్టిన ఊరి రుణం తీర్చుకోవాలన్న తపన మన ప్రవాసుల్లో ఇంకా పచ్చగా ఉందంటే సంతోషించాలి. చిక్కంతా ఆ గది ఎక్కడ లేస్తోంది, ఎందుకు అక్కడే లేస్తోంది అన్న దగ్గరే వస్తోంది.

కోస్తాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉంది. ఊరి పేరు అక్కర్లేదు. వెతికితే ఇలాంటిది మండలానికొకటి దొరుకుతుంది. నాలుగెకరాల స్థలం, మధ్యలో పాత పెంకుల బడి, చుట్టూ వేపచెట్లు. మొదటి దాత రోడ్డు వైపు రెండు గదులు కట్టించారు. దారినపోయేవాళ్లకు కనపడాలని అక్కడ కట్టారు తప్ప మరో కారణం లేదు. అవి పడమటి ఎండకు నిండా ఎదురుగా నిలబడ్డాయి. కొన్నేళ్ల తర్వాత రెండో దాత వచ్చారు. రోడ్డు వైపు జాగా అయిపోయింది కాబట్టి వాలీబాల్ కోర్టు మీద కట్టారు. మూడో ఆయన మరుగుదొడ్లు కట్టిస్తానన్నారు. మిగిలిన మూలలో కట్టేశారు. ఆ మూలలోనే తాగునీటి బోరు ఉందన్న సంగతి ఎవరికీ అడ్డనిపించలేదు. మధ్యాహ్న భోజనం షెడ్డు తొమ్మిదో తరగతి కిటికీ కింద వెలిసింది. కొత్త గదులకు పునాది మట్టం పెంచుకుంటూ పోయారు కనుక వాననీరు వెనకటి కాలువలోకి పోయే దారి మూసుకుపోయింది. ఇప్పుడు జూలై వానలకు ప్రార్థన జరిగే చోటు చెరువవుతోంది. ప్రతి స్లాబు మీదా తుప్పు పట్టిన కమ్మీలు ఆకాశం వైపు నిలబడి ఉన్నాయి, పైన ఇంకో అంతస్తు వేస్తారన్న ఆశతో. పైకి వెళ్లడానికి మెట్లకు మాత్రం ఎవరూ చోటు వదల్లేదు.

ఆ ముగ్గురు దాతలూ మంచివాళ్లే. ముగ్గురూ కలిసి ఒక మంచి బడి ఆవరణను పాడుచేశారు. ఇప్పుడు నాలుగో దాత సిద్ధంగా ఉన్నారు. మిగిలిన ఖాళీ ఒక్కటే, ఆటస్థలం.

ఇదే మనం అమెరికాలో గుడో, కమ్యూనిటీ హాలో, ఆదివారం తెలుగు తరగతులకు నాలుగు గదులో కట్టుకోవాలనుకుంటే ఏం జరుగుతుందో ఈ పేజీ చదివేవారికి చెప్పక్కర్లేదు. ముందుగా మొత్తం స్థలానికి సైట్ ప్లాన్ పెట్టమంటారు. వాననీరు ఎటు పోతుంది, ఫైరింజను ఎక్కడ తిరుగుతుంది, కార్లు ఎన్ని పడతాయి, ఏ చెట్లు కొడతారు, పక్కింటివాళ్ల కిటికీల్లోకి లైట్లు పడతాయా అని ఒక్కొక్కటీ అడుగుతారు. ఇరుగుపొరుగును పిలిచి బహిరంగ విచారణ పెడతారు. ఈసారి హాలు, తర్వాత గుడి, ఆ తర్వాత తరగతి గదులు అని దశలవారీగా రాసివ్వాలి. ఒక్కోసారి దీనికే రెండేళ్లు పడుతుంది. విసుక్కుంటాం, తిట్టుకుంటాం, అయినా చేస్తాం. కట్టాక పదేళ్లకు రెండో దశ మొదలైనప్పుడు ఆ కాగితాల విలువ తెలుస్తుంది. అలాంటి కమిటీలో కోశాధికారిగా ఉన్న మనిషే ఊరి బడికి డబ్బు పంపేటప్పుడు ఒక్క గీత గీసిన కాగితం కూడా అడగడు. అక్కడ చట్టం అడుగుతుంది కనుక చేస్తున్నాం. ఇక్కడ ఎవరూ అడగరు కనుక వదిలేస్తున్నాం. ఊరి పిల్లలు అంతకంటే తక్కువకు తగినవాళ్లా?

మాస్టర్ ప్లాన్ అనగానే రంగురంగుల త్రీడీ బొమ్మలు, గాజు అద్దాల భవనాలు గుర్తొస్తాయి. అది కాదు. వచ్చే ఇరవై ఏళ్లలో ఈ ఆవరణలో ఏది ఎక్కడ రావాలో, ఏ వరసలో రావాలో చెప్పే ఒక్క షీటు. అంతకంటే ముందు, ఎక్కడ ఎప్పటికీ ఏమీ కట్టకూడదో చెప్పే షీటు. మన బడులకు ఈ రెండో మాటే ఎక్కువ అవసరం.

అది పిల్లల లెక్కతో మొదలవ్వాలి. ఇప్పుడెంత మంది, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎందరు వస్తున్నారు, ఎందరు ప్రైవేటు బడుల బస్సులెక్కి పోతున్నారు. విధానాలు మారితే ఆ లెక్కలు ఎలా తలకిందులవుతాయో ఆంధ్రప్రదేశ్‌లో ఈమధ్యే చూశాం. 2022లో వచ్చిన జీవో 117తో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను దగ్గర్లోని ఉన్నత పాఠశాలలకు మార్చారు. అక్కడ గదులు చాలలేదు, ఇక్కడ గదులు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వం మారాక ఆ జీవోను పక్కనపెట్టారు. ఒక దాత మూడో తరగతి పిల్లల కోసమని కట్టిన గదిలో ఇప్పుడు ఎవరు కూర్చుంటారో ఆయన చేతిలో లేదు. కనుక ఫలానా తరగతికి ఫలానా గది అని బిగించి కట్టే ప్లాను మన దగ్గర నిలవదు. ఈ ఏడు తరగతి గది, వచ్చే ఏడు ల్యాబు, ఆ తర్వాత లైబ్రరీ కాగలిగే గది కావాలి.

తర్వాత నీళ్లు. స్థలం ఎటు వాలుగా ఉంది, వానకు నీరు ఎక్కడ నిలుస్తుంది అన్నది ఆగస్టులో ఒక్కసారి గొడుగు పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. మనం వెళ్లేది డిసెంబరులో, అందుకే మనకు అది కనపడదు. బోరు ఎగువన, సెప్టిక్ ట్యాంకు దిగువన, రెంటికీ మధ్య తగినంత దూరం. చెప్పుకోవడానికి ఇంతే. ఇది తప్పిన బడుల్లో పిల్లలు తాగే నీరు ఎలా ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు.

ఎండ గురించి మన తాతలకు తెలిసినంత మన స్లాబు మేస్త్రీలకు తెలియదని చెప్పక తప్పదు. తెలుగు నేల మీద గది పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకు ఉండాలి, తూర్పు పడమరలకు పొట్టి గోడలు రావాలి. ఉత్తరం కిటికీల్లోంచి రోజంతా వెలుగు వస్తుంది, ఎండ పెద్దగా రాదు. దక్షిణం వైపు వరండా వేస్తే చలికాలపు ఏటవాలు ఎండను అది ఆపుతుంది. పడమటి గోడకు కిటికీలు పెట్టి, దానికి ఎదురుగా పిల్లలను కూర్చోబెడితే మధ్యాహ్నం తర్వాత చదువు సాగదు. విజయవాడ దగ్గర మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు వేడి గోడల్లోంచి కాదు, స్లాబులోంచి దిగుతుంది. మార్చి సగం నుంచే ఒంటిపూట బడులు పెట్టుకునే మనకు పైకప్పు మీద తెల్లని పూత, ఎదురెదురు కిటికీలు, ఎత్తయిన కప్పు అనేవి షోకులు కావు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ వేడిని తట్టుకోలేకే. ఒక్క ఫ్యాను కూడా అదనంగా కొనకుండా, గదిని ఎటు తిప్పి కట్టామన్న దాంతోనే సగం సమస్య తీరుతుంది. అదే గదిని తప్పు దిక్కుకు కట్టేస్తే తర్వాత ఎంత డబ్బు పోసినా తిప్పలేం.

ఇక్కడ ఒక మాట. ఊళ్లో ఏ గోడ లేపినా వాస్తు సిద్ధాంతిని పిలుస్తాం. ఈశాన్యంలో నీరు, ఆగ్నేయంలో పొయ్యి అంటూ ఆయన ఏం చెప్పినా, కనీసం స్థలం మొత్తం తిరిగి చూసి చెబుతాడు. ఆ ఒక్క అలవాటును కంట్రాక్టరు కూడా నేర్చుకుంటే బాగుండు.

నేల సంగతి మరీ ముఖ్యం. నల్లరేగడి భూమి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నోళ్లు తెరుస్తుంది. ఆ నేలలో మామూలు పునాది మీద కట్టిన గది నాలుగేళ్లకే కిటికీ మూలల దగ్గర ఐమూలగా పగులుతుంది. రంగు వేసి దాచుకుంటూ ఉంటారు. మట్టి పరీక్ష చేయించి, దానికి తగ్గ పునాది వేస్తే ఆ బాధ ఉండదు. సముద్రతీరంలో అయితే లెక్క ఇంకోలా ఉంటుంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన జ్ఞాపకం మన ఇళ్లలో చాలామందికి ఇంకా ఉంది. అలాంటి ఊళ్లలో బడే తుపాను ఆశ్రయం. కింద స్తంభాలు, పైన పెద్ద హాలు, బయట నుంచి నేరుగా పైకి వెళ్లే వెడల్పాటి మెట్లు, నడవలేని వాళ్ల కోసం ర్యాంపు ఉండాలి. విడివిడిగా నలుగురు దాతలు నాలుగు గదులు కడితే అక్కడ ఆశ్రయం తయారు కాదు. ఆ నలుగురి డబ్బూ ఒక్క ప్లాను కింద పడితేనే అవుతుంది.

వంటషెడ్డు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటగదిలో పుట్టిన మంట గడ్డికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఇరుకు మెట్లు, ఒకటే దారి. ఆ ఘోరం తర్వాత వేసిన కేసులో సుప్రీంకోర్టు 2009లో దేశంలోని బడులన్నీ అగ్నిప్రమాద జాగ్రత్తలు పాటించి తీరాలని ఆదేశించింది. మన దగ్గర గడ్డికప్పులు పోయి రేకులు వచ్చాయి, కట్టెలు పోయి చాలాచోట్ల గ్యాసు వచ్చింది. కాని షెడ్డు తరగతి గోడకు ఆనుకునే ఉంటోంది. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి, గదులకు దూరంగా, సరుకుల ఆటో నేరుగా వచ్చే దారి పక్కన పెట్టడానికి అయ్యే అదనపు ఖర్చు ఎంత? దాదాపు ఏమీ లేదు. ముందు ఆలోచించి ఉంటే చాలు.

ఆడపిల్లల మరుగుదొడ్లదీ అదే కథ. విద్యాహక్కు చట్టం బాలురకు, బాలికలకు వేరువేరుగా ఉండాలంది. సంఖ్య లెక్క సరిపోతుంది. కాని ఆవరణలో ఎవరూ తిరగని వెనక మూలలో, దారి మధ్యలో అబ్బాయిల ఆట సాగే చోట కడితే ఆ పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా నీళ్లు తాగరు. టీచర్ల గదికి కనుచూపు మేరలో, వరండా వెంబడే నడిచి వెళ్లేలా ఉంటేనే అవి వాడుకలోకి వస్తాయి. ఈ ముక్క ఏ అంచనా పత్రంలోనూ రాసి ఉండదు. ఆ బడిలో చదివే ఏ అమ్మాయినైనా అడిగితే చెబుతుంది.

అమెరికాలో ఉన్న మనకు దగ్గరి పాఠం ఒకటి అక్కడి నేల మీదే ఉంది. 1912లో సియర్స్ రోబక్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ తన యాభయ్యో పుట్టినరోజున, అలబామాలో బుకర్ టి. వాషింగ్టన్ నడిపిన టస్కీగీ విద్యాసంస్థకు 25 వేల డాలర్లు ఇచ్చారు. అందులో మిగిలిన కాస్త సొమ్ముతో పల్లెల్లో నల్లజాతి పిల్లలకు ఆరు చిన్న బడులు కడతామని వాషింగ్టన్ అడిగారు. అలా మొదలైన పని 1932 నాటికి దక్షిణాది 15 రాష్ట్రాల్లో 5 వేలకు పైగా భవనాలకు చేరింది. చాలామందికి తెలిసిన కథ ఇంతవరకే. రోజెన్‌వాల్డ్ సొమ్ముతో పాటు గీసిన ప్లాన్లు కూడా వెళ్లాయన్నది మనకు కావాల్సిన భాగం.

1915లోనే టస్కీగీ వారు పల్లె బడుల నమూనాలతో ఒక పుస్తకం వేశారు. వాటిని గీసిన వారిలో ముఖ్యుడు రాబర్ట్ ఆర్. టేలర్, ఎంఐటీలో చదివిన తొలి నల్లజాతి పట్టభద్రుడు. అయినా అన్నీ సవ్యంగా సాగలేదు. 1920 ప్రాంతంలో నాష్‌విల్ నుంచి ఒక నిపుణుణ్ని పంపి కట్టిన బడులను చూడమంటే, చాలాచోట్ల ప్లాను ఒకటి, కట్టింది మరొకటి అని తేలింది. అప్పుడు నిధి నిర్వాహకులు దానం ఆపలేదు, నిబంధన బిగించారు. కొత్తగా నమూనా ప్లాన్లు గీయించి ఊరూరా పంచారు. కనీసం రెండెకరాల స్థలం, అందులో ఆటస్థలం, తోట ఉండాలన్నారు. కరెంటు లేని పల్లెలు కనుక వెలుగు కోసం వరసగా పెద్ద కిటికీలు పెట్టారు. కుడిచేత్తో రాసే పిల్లవాడి కాగితం మీద నీడ పడకుండా వెలుగు ఎడమ వైపు నుంచి రావాలని చూశారు. స్థలం ఎటు ముఖంగా ఉందో దాన్నిబట్టి వేరువేరు ప్లాన్లు ఇచ్చారు. ఫలానా ప్లాను తూర్పు పడమర ముఖాలకే, ఫలానాది ఉత్తర దక్షిణాలకే అని షీటు మీదే ముద్రించారు. వాళ్లు వెలుగు కోసం తూర్పు పడమర కిటికీలు కోరారు. మనం వేడిని తప్పించుకోవడానికి అవే వద్దంటాం. కనుక ఆ బొమ్మను ఎత్తుకొచ్చి మన ఊళ్లో దించుకుంటే పనికిరాదు. వాళ్లు వేసుకున్న ప్రశ్నలను మాత్రం తెచ్చుకోవచ్చు.

ఆ నిర్మాణాలకు మొత్తం 2 కోట్ల 84 లక్షల డాలర్లు ఖర్చయితే రోజెన్‌వాల్డ్ నిధి వాటా 43 లక్షలు. ఆ ఊళ్లలోని నల్లజాతి కుటుంబాలు, పత్తి చేలలో కూలి చేసుకునే వాళ్లు, పోగేసిన సొమ్ము 47 లక్షలు. దాత ఇచ్చినదానికంటే ఎక్కువ. పన్నులు కట్టి కూడా తమ పిల్లల బడికి మళ్లీ చందా వేసుకోవాల్సి రావడం న్యాయం కాదన్నది వేరే చర్చ. మిగిలింది చాలామటుకు ప్రభుత్వ సొమ్ము. చిన్న వాటా పెట్టిన దాత మొత్తం నిర్మాణం ఎలా ఉండాలో నిర్ణయించగలిగాడు. ఎందుకంటే డబ్బు కంటే ముందు ప్లాను పెట్టాడు. మన ఎన్నారై దాతల వాటా కూడా ప్రభుత్వ ఖర్చుతో పోలిస్తే ఎప్పుడూ చిన్నదే. దాన్ని ఎక్కడ పెడితే ఎక్కువ పని చేస్తుందన్నదే ప్రశ్న.

అంత దూరం పోకుండా హైదరాబాద్‌లోనే మరో ఉదాహరణ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. సొంత భవనాలు లేవు, అద్దె ఇళ్లలో నడిచింది. నిర్మాణానికి ముందు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. వాళ్లు తిరిగొచ్చాక బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌కు పని అప్పగించారు. 1934లో శంకుస్థాపన, 1939లో ఆర్ట్స్ కాలేజీ ప్రారంభం. ఇరవై ఏళ్లు ఆగారు. నిజాం ఖజానాకూ మన ఊరి బడికీ పోలికేమిటని అడగొచ్చు. ఖజానాతో పోలిక లేదు. కట్టే ముందు చూసి రమ్మని మనిషిని పంపడానికి ఖజానా అక్కర్లేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు తొలి విడతలోనే 15,715 బడులను తీసుకుంది. తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు-మన బడి 26 వేల పైచిలుకు బడులను లక్ష్యంగా పెట్టుకుంది. నీళ్లు వచ్చే మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బెంచీలు, ప్రహరీలు, రంగులు అనే జాబితా ప్రకారం పనులు జరిగిన చోట బడి ముఖం మారింది. అది చూసి పిల్లలను తిరిగి పంపిన తల్లిదండ్రులూ ఉన్నారు. అయితే జాబితా వేరు, ప్లాను వేరు. ఏమేం ఉండాలో జాబితా చెబుతుంది. ఏది దేని పక్కన ఉండాలో చెప్పదు. నమూనా భవనం గీసిన ఇంజినీరు మన ఊరి స్థలం చూసి ఉండడు. తెలంగాణలో 2024 అక్టోబరులో 28 నియోజకవర్గాల్లో శంకుస్థాపన జరిగిన యంగ్ ఇండియా సమీకృత గురుకులాలు ఒక్కొక్కటి 20 నుంచి 25 ఎకరాల్లో వస్తున్నాయి. ఇంతవరకు వేరువేరుగా నడిచిన గురుకులాల పిల్లలు ఒకే ఆవరణలో ఉండబోతున్నారు. ఆలోచన మెచ్చుకోదగ్గదే. కాని వేల మంది పిల్లలు రాత్రింబగళ్లు ఉండే చోట భోజనశాల నుంచి హాస్టలుకు దూరమెంత, రాత్రి దారి వెలుగులో ఉందా, పన్నెండేళ్ల పిల్లలకూ పదిహేడేళ్ల వాళ్లకూ వేరే ముంగిళ్లు ఉన్నాయా అన్నవి భవనం ఎంత అందంగా ఉందన్న దానికంటే పెద్ద ప్రశ్నలు. సొంత నియోజకవర్గంలో ఇలాంటిది వస్తుంటే ఆ సైట్ ప్లాన్ చూపించమని అడిగే హక్కు ఊరివాళ్లందరికీ ఉంది, విదేశంలో ఉన్నంత మాత్రాన మనకు పోలేదు.

బడులే కాదు, సొంత ఊళ్లో కుర్రాళ్లకు నైపుణ్య శిక్షణ కేంద్రం పెట్టాలని కొందరు ప్రవాసులు ముందుకొస్తున్నారు. కల్యాణ మండపం లాంటి హాలు కట్టి అందులో లేతు యంత్రం దించితే అది శిక్షణ కేంద్రం కాదు. యంత్రం బరువు, అదురు తట్టుకునే నేల కావాలి. త్రీఫేజ్ కరెంటు, లారీ వెనక్కి వచ్చి సరుకు దించే చోటు, వెడల్పు షట్టరు కావాలి. వెల్డింగు పొగ పక్క తరగతిలోకి పోకూడదు. అన్నిటికీ మించి, ఐదేళ్లకోసారి యంత్రాలు మారిపోతాయి కనుక గోడలు తీసి మళ్లీ పెట్టుకునే వీలుండాలి. తెలంగాణలో 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మారుస్తున్నప్పుడు ముందుగా కావలసి వచ్చిందీ ఇలాంటి వర్క్‌షాపు చోటే.

ప్లాను మీద డబ్బు పెట్టమంటే మనవాళ్లు వెనకాడతారని తెలుసు. కాగితానికి ప్రారంభోత్సవం ఉండదు. దాని మీద అమ్మానాన్నల పేరు చెక్కించలేం. నాన్నగారు పోయిన ఏడాదిలోపు ఆయన పేరున ఏదో ఒకటి కనిపించేలా కట్టాలన్న తొందరలో ఎంత ప్రేమ ఉందో మాకూ తెలుసు. దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. ప్లాను చేయించిన దాత పేరే ఆవరణ మొత్తానికి పెట్టడానికి, లేదా ప్లానులో ముందే గుర్తించిన గది మీద ఆయన పేరు రాయడానికి ఏ ఊరూ అడ్డు చెప్పదు. ఒక గదికి అయ్యే సొమ్ములో చిన్న భాగంతో సర్వే, మట్టి పరీక్ష, ప్లాను మూడూ అవుతాయి. తర్వాత వచ్చే పదిమంది దాతల డబ్బు వృథా కాకుండా కాపాడేది ఆ చిన్న భాగమే.

ఇంకో అభ్యంతరం ఉంది, అది నిజమైనది. ప్లాను గీస్తే ఎవరు పాటిస్తారు? సర్పంచి మారతాడు, హెడ్మాస్టరు బదిలీ అవుతారు, కొత్త ఎమ్మెల్యే వచ్చి తన నిధులతో ఆటస్థలంలోనే ఏదో కడతానంటాడు. దీనికి పూర్తి జవాబు మా దగ్గరా లేదు. కొంత జవాబు చట్టంలో ఉంది. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలు బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. మూడేళ్లకు, ఏడాదివారీగా, పిల్లల సంఖ్య అంచనాతో, కావలసిన నిర్మాణాలతో సహా. చాలాచోట్ల అది నింపి పంపే ఫారంగా మిగిలింది. మనం గీయించిన ప్లానును కమిటీ చేత తీర్మానం చేయించి ఆ ప్రణాళికకు జతచేస్తే దానికి ఒక అధికారిక ఉనికి వస్తుంది. తెలంగాణలో 2024లో బడి పనులు అప్పగించిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్నది ఆ పిల్లల తల్లులే. ఆ ప్లాను పెద్ద కాగితం మీద ముద్రించి హెడ్మాస్టరు గది గోడకు తగిలిస్తే, ఆటస్థలం మీదకు పునాది తవ్వబోయే కంట్రాక్టరును ఆపగలిగేది వాళ్లే. అందరికీ కనపడే చోట గీసి ఉన్నదాన్ని చెరపడం కాస్త కష్టం.

కనుక ఈ డిసెంబరులో బడికి వెళ్లినప్పుడు, గది మాట రాగానే చెక్కు పుస్తకం తీయకుండా, స్థలం కాగితం ఉందా అని అడగండి. చాలా బడుల్లో ఉండదు. ఆంధ్రలో అయితే సర్వేయరు దగ్గర ఎఫ్ఎంబీ స్కెచ్, తెలంగాణలో అయితే టిప్పన్ దొరుకుతుంది. హద్దులు సరిచూస్తే అరెకరం ఎవరి చేలోకో పోయిన సంగతి అప్పుడే బయటపడొచ్చు. అది తేలకుండా ప్రహరీ కడితే ఆ ఆక్రమణకు మన డబ్బుతో గోడ కట్టి ఇచ్చినట్టవుతుంది. ఆ తర్వాత ఒక ఆర్కిటెక్టును పెట్టుకోండి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఊరి బడిని కొలిచి గీయడం విద్యార్థులకు కూడా మంచి పని, అడిగి చూడొచ్చు. ట్రస్టు పేరున డబ్బు పంపేవారు మరో జాగ్రత్త పడాలి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకుని ఓసీఐ కార్డుతో ఉన్నవారు ఇస్తే అది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి.

మొదట చెప్పిన కోస్తా బడికి నాలుగో దాత ఇంకా డబ్బు పంపలేదు. వానాకాలంలో ఒకసారి ఎవరినైనా పంపి నీరెక్కడ నిలుస్తోందో ఫొటోలు తీయించమని ఆయనకు మిత్రులొకరు సలహా ఇచ్చారు. ఫొటోలు వచ్చాయి. కొత్త గది ఎక్కడ కట్టాలనుకున్నారో సరిగ్గా అక్కడే మోకాలి లోతు నీళ్లు.